పులి వీపు ఫొటో

బరంపురంలో సింహాచలం ఫొటో స్టూడియోకి వెళ్ళినవాళ్ళు ముందు చూసేది అద్దాల పెట్టెలో ఉన్న ఆ ఫొటోనే. నడుమ ఒక పులివేషగాడు, అతనికి అటూ ఇటూ ఆరుగురు మేళగాళ్ళు. ఏడుగురూ కెమెరాకి వీపు పెట్టి నిలబడ్డారు. ఒక్క ముఖం కనిపించదు. "ఏమయ్యా, వీళ్ళకి నీ మీద కోపమా?" అని పెద్దమనుషులు వేళాకోళం ఆడేవారు. సింహాచలం కూడా నవ్వేసేవాడు. అసలు సంగతి మాత్రం కాస్త తీరిగ్గా కూర్చునే మనిషి దొరికితేనే చెప్పేవాడు.

సింహాచలం పుట్టింది నేతపని చేసే ఇంట్లో. తండ్రి చారల తువ్వాళ్ళు నేసేవాడు. మగ్గం గుంటలో పట్టుమని గంటసేపు కూర్చోలేని కొడుకు విశాఖపట్నం పారిపోయి, ఒక ఫొటోగ్రాఫరు దగ్గర ఏడేళ్ళు ఫొటోలు తీసే గాజు ప్లేట్లు కడిగి, పని నేర్చుకుని తిరిగొచ్చాడు. మగ్గం వదిలాడు గానీ చారల పిచ్చి వదలలేదు. గోడమీద ఉడత కనిపిస్తే ఒక ప్లేటు తగలేసేవాడు. పెళ్ళి బ్యాండువాళ్ళు చారల కోట్లు తొడుక్కుని వస్తే పెళ్ళికొడుకుని వదిలేసి వాళ్ళ వెంటపడేవాడు. మద్రాసు మెయిల్లో వచ్చే ప్లేట్లు ఇలా ఉడతల పాలవుతుంటే భార్య గురువమ్మ నెత్తీ నోరూ కొట్టుకునేది.

ఒరిస్సా కొత్త రాష్ట్రమై అప్పటికి రెండేళ్ళు. బజారులో నలుగురు చేరితే చాలు, మనం ఇటువాళ్ళమా అటువాళ్ళమా అని వాదించుకునేవారు. సింహాచలం మాత్రం బోర్డు మీద తెలుగు కింద ఒడియా అక్షరాలు రాయించి, తన పని తాను చేసుకునేవాడు. ఆ చైత్రంలోనే ఠాకురాణి అమ్మవారి యాత్ర వచ్చింది.

యాత్ర రెండేళ్ళకోసారి. మొక్కుకున్నవాళ్ళు రకరకాల వేషాలు కట్టి వీధివీధీ తిరుగుతారు. అసిరయ్యది పులివేషం. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో పులి అంటే అతనే. ఒంటినిండా పసుపూ జిగురూ కలిపిన రంగు, దానిమీద నల్లచారలు. ఆ చారలు గీసేది అతని భార్య చిట్టమ్మ. అత్తగారి దగ్గర నేర్చుకున్న గీత అది. భుజాల దగ్గర సన్నగా మొదలై, వెన్ను మీద కలిసి, నడుం దగ్గర విడిపోతుంది. ఊళ్ళో ఇంకో పులి అలా ఉండదు.

యాత్ర ముగియడానికి రెండు రోజుల ముందు అసిరయ్య రంగుతోనే స్టూడియోకి వచ్చాడు. వెనక డప్పులు, మహురి సన్నాయి పట్టుకుని మేళం అంతా ఉంది.

"బావూ, ఒక పొటో తియ్యాల. మా ఆడమనిసికి సెయ్యి ఒణుకుతన్నాది. వచ్చే యాత్రకి కుంచె పట్టలేదు. నా కొడుకు పులి కడతానంటన్నాడు గానీ గీసీవోలు ఏరీ? కోడలు పుణ్యవతికి రాదు. ఈ గీత పొటోలో ఉండిపోతే అది సూసి గీస్తాది."

సింహాచలానికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి చారల ఫొటో తియ్యమని ఒకడు తన కాళ్ళతో నడిచి వచ్చాడు! పెరట్లో ఎండలో నిలబెట్టి, ఊపిరి బిగబట్టించి తీశాడు. "రేపు రా అసిరన్నా, కళ్ళు చెదిరిపోవాల" అని గొప్పలు కూడా పోయాడు.

మర్నాడు ప్రొద్దున ఫొటో అచ్చు వేసి చూసుకున్నాడు. ఫొటోలో పులి లేదు. మెడ నుంచి మడమ దాకా నల్లటి మనిషి ఒకడు తోక పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక్క చార లేదు. మేళగాళ్ళ పంచెల అంచులు కూడా స్పష్టంగా వచ్చాయి గానీ, కావలసిన చారలు రాలేదు.

అసిరయ్య, చిట్టమ్మ, పుణ్యవతి ముగ్గురూ మేళంతో సహా వచ్చారు. అసిరయ్య ఫొటోని దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టుకుని చూశాడు.

"ఇదేటి బావూ, నన్ను ఎలుగుబంటిని సేసీనావు?"

ఆ మాటకి మేళగాళ్ళలో ఒకడు పకపకా నవ్వాడు గానీ చిట్టమ్మ నవ్వలేదు. వణికే చేతులు కొంగులో దాచుకుని నేలచూపులు చూసింది. సింహాచలానికి తల కొట్టేసినట్టయింది. తను చేసిన తప్పుకి ఆమె సిగ్గుపడుతున్నట్టు అనిపించి మరీ బాధపడ్డాడు.

గురువమ్మ లోపల్నించి వచ్చి ఫొటో చూసింది. తర్వాత మొగుణ్ణి చూసింది.

"పెళ్ళికూతుళ్ళు పసుపు రాసుకుని వస్తే ఏటి సేస్తన్నాం? మొకం నల్లగా పడతాదని కడిగించి, పవుడరు రాసి కదా కూకోబెడతన్నాం. పదేళ్ళుగా ఈ సేతుల్తో కడుగుతన్నాను. పులికి రాసింది పసుపు కాదేటి?"

సింహాచలం నుదురు కొట్టుకున్నాడు. నిజమే. ఆ ప్లేట్లకి పసుపు అంటే నలుపే. ఆ సంగతి ముత్తయిదువల ముఖాల దగ్గర గుర్తుంది గానీ, పులిని చూసిన సంబరంలో మతి పోయింది. "అయితే అసిరన్నా, ఆ పసుపు కడిగేసి తెల్లసుద్ద రాసుకుంటే..."

"కడగడమా!" అసిరయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. "అమ్మోరు తిరిగి గుడికి మళ్ళీదాకా ఈ రంగు ఒంటిమీంచి దిగకూడదు బావూ. అది మొక్కు. రేపు సాయంత్రం మళ్ళుతాది. అప్పుడు కడిగీసినాక మరి రెండేళ్ళదాకా పులి లేదు."

రెండేళ్ళకి చిట్టమ్మ చెయ్యి గీసే స్థితిలో ఉండదు. అసిరయ్య తువ్వాలు భుజాన వేసుకుని, "మరేటి సేస్తాం, రాసిపెట్టి లేదు" అని గుమ్మం వైపు తిరిగాడు.

గురువమ్మ ఆ గుమ్మంవైపే చూస్తూ ఉండిపోయింది. శుక్రవారం కదా, ప్రొద్దున్నే తనే గడపకి పసుపు రాసి, పసుపు మీద బియ్యప్పిండితో బొట్లు పెట్టింది.

"అన్నా, ఉండు. నువ్వేటీ కడగక్కర్లేదు. పసుపు పసుపులాగే ఉంటాది. దాని మీద తడిపిన బియ్యప్పిండి అద్దుతాం. గడపకి సేసీదదే కదా? గడపకి సేస్తే పూజ, నీకు సేస్తే తప్పా? రేపు అమ్మోరి ముందరికి ఎల్లీముందు ఎండిన పిండి గుడ్డతో దులిపీసుకో. నీ పసుపు నీకుంటాది."

అసిరయ్య ఆలోచనలో పడ్డాడు. మొక్కు తనది, కానీ గీత పెళ్ళాంది. ఆమె వైపు చూశాడు.

"పిండి అమ్మోరికి కొత్తేటి?" అంది చిట్టమ్మ. "కూకో."

పెరట్లో పీట వేశారు. నల్లచారల మీద పిండి పడకూడదు, చారకీ చారకీ మధ్యనే అద్దాలి. చిట్టమ్మ చెయ్యి అందుకు పనికిరాదు. అందుకని గురువమ్మ ముందువైపూ, పుణ్యవతి వీపువైపూ కూర్చున్నారు. చిట్టమ్మ పక్కనే చతికిలబడి, "అక్కడ సన్నంగా... అద్గదీ, అక్కడ కలుస్తాది సూడు" అని చెబుతూనే ఉంది. పుణ్యవతి వేలు ఒక్కొక్క చార వెంబడే మెల్లగా నడిచింది. రెండు గంటలు పట్టింది. కాళ్ళు తిమ్మిరెక్కి పులి మధ్యలో ఒకసారి గర్జించింది కూడా.

సింహాచలం దగ్గర మిగిలినవి రెండే ప్లేట్లు. మిగతావి ఉడతలు తినేశాయి కదా! మొదటిది ముందువైపు తీశాడు. రెండోదానికి, "అందరూ అటు తిరగండి" అన్నాడు. అతని ఉద్దేశం అసిరయ్య ఒక్కడే తిరగాలని. కానీ కంగారులో నోరు జారి అందరూ అన్నాడు. మేళగాళ్ళు ఆరుగురూ బుద్ధిగా వీపులు తిప్పేశారు. వద్దనబోయి, పిండి ఎండలో బీటలు వారడం చూసి, అలాగే తీసేశాడు.

రెండు ఫొటోలూ బ్రహ్మాండంగా వచ్చాయి. తెల్లటి ఒంటిమీద నల్లచారలు దేనికది లెక్కపెట్టుకునేంత స్పష్టంగా. సింహాచలం వాటిని ఎండబెడుతూ పిల్లాడిలా ఏడ్చాడు. తండ్రి తువ్వాళ్ళని తలుచుకున్నాడు. అంచు సరిగ్గా దిగిన రోజున తండ్రి తువ్వాలును వెలుతురుకి ఎత్తి చూసుకునేవాడు. ఇప్పుడు తనూ అలాగే చూసుకుంటున్నాడు.

రెండేళ్ళు గడిచాయి. మళ్ళీ యాత్ర. ఈసారి పులి అసిరయ్య కొడుకు. అసిరయ్య మేళంలో చేరి డప్పు పట్టుకున్నాడు. సింహాచలం కెమెరా మోసుకుని వాళ్ళింటికి వెళ్ళేసరికి, పుణ్యవతి మామగారి వీపు ఫొటోని గోడకి ఆనించుకుని, దాన్ని చూస్తూ మొగుడి వీపు మీద ఆఖరి చార గీస్తోంది. చిట్టమ్మ పక్కన కూర్చుని తమలపాకు నములుతోంది.

గీయడం అయ్యాక చిట్టమ్మ ముందుకు జరిగి కొడుకు వీపంతా పైనుంచి కిందికి చూసుకొచ్చింది. నడుం దగ్గర ఆగిపోయింది. అక్కడ ఒక చార నిటారుగా దిగకుండా, అలలాగా వంకర తిరిగి ఉంది.

"ఓలమ్మా, ఇదేటే? ఇది గీత కాదు. ఆ రోజు నా సెయ్యి ఒణికి తప్పిపోయినాది. నువ్వు దాన్నీ దింపీసినావా?"

పుణ్యవతి కుంచె కడుక్కుంటూ తలెత్తలేదు.

"తప్పని నాకెరికే అత్తా. నీ సెయ్యి కదా అని ఉంచీసినాను."