ఆకు పక్కన సీసా

శుక్రవారం, పొద్దున తొమ్మిదిన్నర. ధర్మసాగర్ చెరువు అవతల మా ఆడబిడ్డ పెనిమిటి పోయిన మూడోరోజు, కాకి ముట్టాలని పిట్టకు పెట్టాం. మోదుగాకులో అన్నం, కోడికూర, పక్కన క్వార్టర్ సీసా. మేడారంలో తల్లి గద్దె ముందు ఒట్టు పెట్టుకుని తాగుడు మానేసిన మనిషి. అయినా సీసా పెట్టారు.

ఆ ఒట్టుకు ముందు ఆయన్నీ మా ఆయన్నీ హన్మకొండ దవాఖానకు తీసుకుపోయింది నేనే. ఇద్దరూ డెబ్బైకి దగ్గరివాళ్లు, ఒకే సీసా పంచుకునే బావాబామ్మర్దులు. డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది. తాగుడు తగ్గించాలి. కానీ ఒక్కసారిగా బంద్ పెట్టొద్దు. ఏళ్ల తరబడి రోజూ తాగిన ఒళ్లు, అందులోనూ ఈ వయసు, ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. గోళీలు వేసుకుంటూ, తనకు చూపించుకుంటూ తగ్గించాలి. ఆమె రాసిచ్చింది కూడా. అక్షరాలు ముసలితనంలో నేర్చినదాన్ని, కూడబలుక్కుని ఇద్దరికీ చదివి వినిపించాను.

ఆడబిడ్డ పెనిమిటి నవ్వాడు. "కొలుసుకుంట తాగుడేంది చెల్లె, దగ్గుమందా? మానుడంటే మానుడే."

మేడారం పోయి ఒట్టు పెట్టుకుని మానాడు. మూడో నాటికి చేతులు వణికాయి. లేని మనుషులతో మాట్లాడాడు. ఇంట్లోవాళ్లు తల్లి పూనిందనుకుని కొబ్బరికాయ కొట్టారు, ముందర కూర్చుని దండం పెట్టారు. ఫిట్స్ వచ్చాక ఆటో పిలిచారు. దారిలోనే పోయాడు.

పిట్టకు పెట్టాక అందరూ కూర్చున్నారు. పోయినాయన తమ్ముడు మందు పోస్తూ మా ఆయన ముందుకొచ్చాడు.

"సూసినవా బావా, మానినోడే పోయిండు. తాగెటోళ్లం సక్కగున్నం. పట్టు."

మా ఆయన జేబులోంచి చిన్న చాయ్ గ్లాసు తీశాడు. డాక్టరమ్మ ఒప్పుకున్న కొలత అది.

"పాలపీక గిట్ల తేకపోయినవా బావా!" అందరూ నవ్వారు.

తాగాడు. మళ్లీ గ్లాసు చాపాడు. నేను నోరు తెరిచేలోపే మా ఆడబిడ్డ వచ్చి గ్లాసు మీద అరచేయి మూసింది.

"అన్నా, పోయినాయన డాక్టరమ్మ మాట సగమే ఇన్నడు. నువ్వు ఆ సగం గూడ ఇనవా? నాకు పుట్టిల్లంటే ఇంక నువ్వే."

ఆమె మరిది ఆగలేదు, పోశాడు. మందు ఆమె వేళ్ల మీంచి కారింది. ఆమె చేయి తీయలేదు. మా ఆయన గ్లాసు జేబులో పెట్టుకున్నాడు.

లేచేటప్పుడు చూస్తే ఆకు పక్కన సీసా లేదు. పిట్ట ఎత్తుకుపోయేది కాదది. అక్కడున్నది మేమే: మా ఆడబిడ్డ, ఆమె ఇద్దరు కొడుకులు, మందు పోసిన మరిది, నవ్విన కులపోళ్లు నలుగురు, నేను, మా ఆయన.