ఘడియకూ గంటకూ నడుమ ఒక్క సున్న: వాషర్‌మెన్‌పేట ప్రయాణం

స్వస్తి. ఆశ్వయుజ మాసం, శుక్లపక్షం, ఆదివారం. ఆనాడు చెన్నపట్టణంలోని వాషర్‌మెన్‌పేటలో ఒక ఇంటి ముందుగదిలో విద్యారంభం జరగవలసి ఉంది. పసిబిడ్డ చేత బియ్యంలో ఓనమాలు దిద్దించే విద్యారంభం కాదది. ఆరు, ఏడు తరగతుల పిల్లలు విజ్ఞానశాస్త్రంలో తొలి అడుగు వేయబోయే చోటు. అందులో మొట్టమొదటి పాఠం కొలతలు, ఒక కొలతను మరొక కొలతలోకి మార్చే విధానం. ప్రమాణం అనే మాటకు మన భాషలో ఎన్ని అర్థాలున్నాయో గమనించండి: జ్ఞానానికి ఆధారం ప్రమాణం, కొలిచే బద్ద ప్రమాణం, నలుగురిలో పెట్టిన ఒట్టు కూడా ప్రమాణమే. ఈ మూడూ ఒకే ఉదయాన ఒకే గదిలో ఒకదానికొకటి ఎదురుపడితే ఎలా ఉంటుందో చూసి వచ్చాను. ఆ దిగ్భ్రమ నుంచి ఇంకా పూర్తిగా తేరుకోలేదు.

ఆ ముహూర్తం పెట్టినవాణ్ణి నేనే. నా చెల్లెలి కుమార్తె వసంత భౌతికశాస్త్రం చదివి, కొన్నేళ్లు బడిలో పాఠాలు చెప్పి, ఇప్పుడు ఇంట్లోనే పేటపిల్లలకు తరగతులు నడపాలని సంకల్పించింది. ఇల్లు ఆమె అత్తగారు రాజమ్మది. ఆ కుటుంబం తరతరాలుగా చెన్నపట్టణంలో స్థిరపడిన తెలుగువారు. ముందుగది ఒకప్పుడు రాజమ్మ భర్త నడిపిన గుడ్డల కొట్టు. ఆయన పోయాక మూతపడింది. ఆ గదిని గోదాముగా ఇమ్మని చీరల వ్యాపారి సేటు ఒకడు ఆమె వెంటపడుతున్నాడు. కోడలు బతిమాలగా ఆమె చివరికి నలుగురి ముందు ఒక మాట ఇచ్చిందట. మంచి ముహూర్తంలో ఒక్కరైనా ఆ గదిలో పలక పట్టుకుని కూర్చుంటే గది వసంతది. ముహూర్తం తప్పితే మర్నాడే సేటుది. వసంత ఈ సంగతి ఫోనులో చెప్పగానే పంచాంగం చూసి, "సూర్యోదయాది ఘ. 6-30, అక్కడినుంచి ఒక ఘడియ కాలం శుభం" అని సందేశం పంపాను.

నేనుండేది సూళ్లూరుపేటలో. అక్కడినుంచి చెన్నైకి లోకల్ రైలు సుఖమైన మార్గం. ఆదివారం బండ్లు తక్కువ కనుక చీకటి ఉండగానే స్టేషను చేరుకున్నాను. టిక్కెట్టు పాతిక రూపాయలు కూడా కాలేదు. గుమ్మిడిపూండి దాటేదాకా కిటికీ పక్క చోటు దొరుకుతుంది. పొన్నేరి తరువాత నిలబడడానికే స్థలముండదు. ఎన్నూరు చేరేసరికి ఎండ పరుచుకుంది. సెంట్రల్ దాకా పోకుండా కొరుక్కుపేటలో దిగితే వాషర్‌మెన్‌పేట దగ్గర. ఏడున్నరకల్లా దిగాను. సెంట్రల్‌లో దిగేవారికి మెట్రో ఉంది, అదీ వాషర్‌మెన్‌పేటకే తీసుకుపోతుంది.

స్టేషను బయట ఆటో అతను మొదట అరవంలో పలకరించి, నా నుదుటి తిరుచూర్ణం, పంచెకట్టు చూసి తెలుగులోకి దిగాడు.

"ఏడికి పోవాల సామీ?"

"వాషర్‌మెన్‌పేట, మార్కెట్టు వెనక వీధి. మీటరు ప్రకారం వస్తావా నాయనా?"

"మీటరా?" అని పెద్దగా నవ్వాడు. "మీటరంటే నూరు సెంటీమీటర్లే గదా సామీ, అంత దూరం నువ్వే నడిచి పోవచ్చు! ఆటోకి కిలోమీటరు లెక్క. నూటిరవై ఇయ్యి."

ఎనభైకి ఒప్పుకున్నాడు. ఇళ్ల ముందు ముగ్గులు ఇంకా తడిగానే ఉన్నాయి. ఎనిమిదికి కొంచెం ముందే గుమ్మంలో దిగి, ముహూర్తానికి ముందు స్తిమితంగా కాఫీ తాగే వ్యవధి ఉందని సంతోషించాను.

తలుపు తీసి చూద్దును గదా, గది నిండా దుమ్ము! వసంత నడుముకు కొంగు బిగించి, పొడవాటి చీపురుతో బూజు దులుపుతోంది. మామిడాకులు లేవు, పీట లేదు, దీపం లేదు, పిల్లల జాడే లేదు.

"మామయ్యా! ఇంత పొద్దున్నే వచ్చేశారేం? పన్నెండున్నరకు కదా!"

చేతిలోని సంచి జారి గడప మీద పడింది.

"పన్నెండున్నర ఎవరు చెప్పారమ్మా?"

"మీరే!" అని ఫోను తెచ్చి చూపించింది. "సూర్యోదయం ఆరింటికి. దానికి ఆరున్నర గంటలు కలిపితే పన్నెండున్నరే కదా."

"తల్లీ, అది ఘ. ఘం. కాదు!"

"సున్న ఫోనులో పడలేదేమో అనుకున్నాను మామయ్యా..." అంటూండగానే ఆమె ముఖం పాలిపోయింది.

కొత్తతరం పాఠకుల కోసం చెబుతాను. పాత పద్ధతిలో గంటలను ఘంటలని రాసి, దాన్ని ఘం. అని కుదించేవారు. ఘడియలకు ఘ. అని రాసేవారు. రోజుకు గంటలు ఇరవైనాలుగు, ఘడియలు అరవై. ఒక ఘడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు. ఘడియలో అరవయ్యో వంతు విఘడియ. కనుక ఆరు ఘడియల ముప్పై విఘడియలంటే ఆరున్నర ఘడియలు. గడియారంలో అది రెండు గంటల ముప్పైఆరు నిమిషాలు. సూర్యోదయం ఆరింటికైతే ముహూర్తం ఎనిమిదీ ముప్పైఆరుకు మొదలై తొమ్మిదింటితో ముగుస్తుంది. అక్షరం పక్కన ఒక్క సున్న చేరినందుకు కార్యం వేళ దాదాపు నాలుగు గంటలు వెనక్కి పోయింది! అంకెలో సున్న తప్పితే పిల్లలైనా పట్టుకుంటారు. ఇక్కడ అంకెలన్నీ సరిగానే ఉన్నాయి, కొలత పేరే మారింది. అదీ ఎవరి చేతిలో? కొలతల మార్పిడి మొదటి పాఠంగా చెప్పబోయే ఉపాధ్యాయిని చేతిలో!

వసంత పిల్లల ఇళ్లకు ఫోన్లు చేసింది. రాయపురం పిల్లలిద్దరూ తల్లితో చర్చికి వెళ్లారు. మరో ముగ్గురు ఆటస్థలంలో ఉన్నారు, ఫోనులు లేవు. ఒకడు నిద్రలేవలేదు; వాడి తల్లి, "పన్నెండున్నర అన్నారు గదా టీచర్, తలకు పోసి పంపిస్తా" అంది. తొమ్మిదిలోగా ఎవరూ వచ్చేటట్టు లేదు. నేను కండువా తీసి పక్కన పెట్టి బకెట్టుతో నీళ్లు తెచ్చాను. ఆమె నేల కడిగింది, నేను దీపం సిద్ధం చేశాను.

ఎనిమిదింబావు దాటాక, మునగకాయలు పైకి పొడుచుకువచ్చిన సంచితో రాజమ్మ మార్కెట్టు నుంచి వచ్చింది. సంగతి విని సంచి దించకుండానే నిలబడిపోయింది.

"ఏమమ్మే ఫిజిక్సు టీచరా! గంటకూ ఘడియకూ తేడా తెలీలేదా నీకు? నువ్వు పిలకాయలకు లెక్క చెప్తే వాళ్లు సోమవారం బడికి బుధవారం పోతారు!"

"తప్పైపోయింది అత్తయ్యా. ఈ ఒక్కసారికీ పన్నెండున్నరకే..."

"ఆ మాట వద్దు. నలుగురిలో ఒట్టేసి చెప్పుండా. మాట మాటే. టైము దాటిందంటే గది సేటుకే. అయ్యోరూ, మీరే చెప్పండి, ఒట్టు తప్పొచ్చునా?"

తప్పవచ్చునని నేను ఎలా అనగలను? వసంత గోడకు ఆనుకుని తల దించుకుంది. అప్పుడు ఆ ఒట్టునే మరొకసారి మనసులో చదువుకున్నాను.

"రాజమ్మగారూ, మీరు పెట్టిన ఒట్టు ఏమిటి? 'పిల్లలు' అన్నారా, 'ఒక్కరైనా' అన్నారా?"

"ఒక్కరన్నా కూచోవాల అన్నా."

"అయితే ఆ ఒక్కరూ మీరే ఎందుకు కాకూడదు?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "నేనా? అరవై దాటినదానికి సైన్సా? బాగుండాదే మీ న్యాయం!" అని నవ్వబోయి, ఎందుకో ఆగింది. కోడలి వైపు చూసింది. "సెరి. కూచుంటా. కానీ ఒకటి. నాకు తలకెక్కేటట్టు చెప్పాల. తొమ్మిదికల్లా నాకు అర్థం కాకుంటే, నువ్వు టీచరూ కాదు, ఇది బడీ కాదు. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటాను అత్తయ్యా," అంది వసంత. మరో ఒట్టు!

ఎనిమిదీ ముప్పైఆరుకు దీపం వెలిగించి, సరస్వతీదేవికి నమస్కరించి, రాజమ్మ చేత పలకమీద మొదటి గీత గీయించాను. ఆమె పలక పట్టుకుని చాప మీద మఠం వేసుకుని కూర్చుంది. వసంత నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో "6½ ఘడియలు" అని రాసి, ఇవి నిమిషాలలో ఎన్ని అని అడిగింది.

"ఒక ఘడియ, ఇరవైనాలుగు నిమిషాలు, రెండూ ఒకటే అత్తయ్యా. సమానమైన రెంటిని ఒకటి పైన, ఒకటి కింద రాస్తే ఆ భిన్నం విలువ ఒకటి. ఒకటితో గుణిస్తే దేని విలువా మారదు. పేరే మారుతుంది."

"మన కొట్లో మీ మామ గజాల్లో కొన్న గుడ్డ మీటర్లలో అమ్మినట్టా?"

"అంతే! గుడ్డ అదే, కొలబద్ద వేరు. ఇప్పుడు మీరు రాయండి."

రాజమ్మ పలక మీద ఆరున్నర ఘడియల పక్కన హెచ్చవేత గుర్తు పెట్టి, పైన "1 ఘడియ", కింద "24 నిమిషాలు" అని రాసింది. తిరగబడిందని నాకు తెలిసిపోయింది. చెప్పబోతే వసంత కంటితో వారించింది. అత్తాకోడళ్లు కలిసి ఆరున్నరను ఇరవైనాలుగుతో భాగించారు. సున్నా దశాంశం రెండు ఏడు వచ్చింది. గోడ గడియారం ఎనిమిదీ యాభై చూపిస్తోంది.

"అంకె సరే అత్తయ్యా. దాని పేరు చదవండి."

"ఘడియ... మళ్లీ ఘడియ... కింద నిమిషం." రాజమ్మ కళ్లు చిట్లించింది. "ఇదేం కొలతమ్మే? ఘడియలో ఘడియ, నిమిషం కింద నలగతావుండాది! అమ్మానాయనా లేని కొలత!"

"ఎందుకలా వచ్చింది?"

వీధిలో ఇడ్లీల సైకిలు గంట మోగిస్తూ పోయింది. రాజమ్మ పలకను అటూ ఇటూ తిప్పింది, పెదవులు కదిలాయి. ఉన్నట్టుండి కొంగుతో భిన్నం ఒక్కటే తుడిచేసి, "24 నిమిషాలు" పైన, "1 ఘడియ" కింద రాసింది.

"పైన ఘడియకు కింద ఘడియ చెల్లు. కొట్టేస్తే మిగిలింది నిమిషమే!" అని రెండు ఘడియలనూ అడ్డగీతలతో కొట్టేసింది. ఇరవైనాలుగును ఆరున్నరతో హెచ్చవేయడానికి వేళ్లు మడిచి లెక్కించి, నూటయాభైఆరు అని రాసి, ఆ పక్కన తానే "నిమిషాలు" అని చేర్చింది. ఆ మాట చేర్చమని ఆమెకు ఎవరూ చెప్పలేదు!

వసంత ఏడుస్తూ నవ్వుతోంది. నేను లేచి నిలబడ్డాను. తొమ్మిదికి ఇంకా రెండు నిమిషాలు ఉన్నాయి.

రాజమ్మ పలకను గోడకు ఆనించి, మోకాళ్లు పట్టుకుని లేచింది. సంచి అందుకుని వంటింటి వైపు పోతూ గుమ్మంలో వెనక్కి తిరిగింది.

"ఆ పలక తుడిచేవు, జాగ్రత్త! పన్నెండున్నరకు పిలకాయలొస్తారు గదా, ఆ తిరగేసే లెక్క నేను చెప్తా. నీకు ఓపిక చాలదు."

తిరుగు రైలులో కూర్చున్నా నా ఆలోచన ఆ పలక మీదే ఉంది. తప్పు జవాబు దొరకగానే మనం అంకెలను అనుమానిస్తాం, పిల్లవాణ్ణి కోప్పడతాం. జవాబు పక్కన నిలిచిన పేరును చదవము. నిమిషం అడిగితే నిమిషం మిగలాలి. మరేది మిగిలినా దారి తప్పామని ఆ పేరే చెబుతుంది. శబ్దశాస్త్రంలో పదం చివరి ప్రత్యయం లాంటిదే ఈ కొలత పేరు. అది లేకుంటే ఎవరు ఎవరిని కొట్టారో, ఎవరికి ఇచ్చారో తెలియదు. ఇన్నేళ్లు వ్యాకరణంతో బతికినవాణ్ణి, ఈ సంగతి భౌతికశాస్త్రపు గదిలో చాప మీద కూర్చున్న ఒక అత్తగారి నోట వింటానని కలలోనైనా ఊహించలేదు.

శుభకార్యాలకు చెన్నై వెళ్లేవారికి ఒక్క సూచన: బయలుదేరే ముందురోజు ఫోను చేసి, "మీ గోడ గడియారంలో ఎన్నింటికి, పొద్దుటనా, మధ్యాహ్నమా?" అని నోటితో అడిగి, జవాబు చెవితో వినండి.

ఆ ముందుగదిలో ఇక కూర్చోబోయే పిల్లలారా, మీరు ఏది కొలిచినా దాని పేరుతో సహా కొలుతురు గాక. తప్పు వచ్చినప్పుడు తిరగేసి చూసే ధైర్యం మీకు కలుగు గాక. మీకు నేర్పేవారి ఓపిక మీ సందేహాలకంటె ఎప్పుడూ ఒక పిడికెడు ఎక్కువగా ఉండు గాక. శుభమస్తు.