వేడెక్కని బ్రేకులు

చేప మొప్పలు ఎత్తి చూసేవాళ్లకి ఉండేంత అనుమానం సన్యాసిరాజుకి బ్రేక్ ప్యాడ్ల మీద. పాతవూళ్లో గులాం మొహమ్మద్ కారు సామాన్ల కొట్టు ముందు గొంతుక్కూర్చుని, రేసు కారుకని ఒక్కోదాన్నీ గోటితో గీకుతాడు, వాసన చూస్తాడు, చెవి దగ్గర పెట్టుకుని తడతాడు.

"మెత్తవి తీస్కో బావా, సల్లగున్నా పట్టేస్తాయి" అన్నాడు గులాం మొన్న. రాజు వినలేదు. షోలవరం కార్ల పందేనికని, బాగా వేడెక్కితేగానీ పట్టని గట్టి రకమే బిగించుకుని, ఆ హుషారులో తెల్లారగట్ల అదే కారులో చేపలకి ఫిషింగ్ హార్బర్‌కి పోయాడు. అక్కడ బ్రేకు తొక్కితే, కారు తాపీగా వెళ్లి దేముడమ్మ చేపల బుట్టని బోర్లించి మరీ ఆగింది.

"ఏటి బాబూ, బ్రేకుల్లేవేటి?"

"ఉన్నాయి దేముడమ్మా, ఇంకా ఏడెక్కలేదు."

దేముడమ్మ కొంగు బిగించింది.

"నాకెక్కీసింది. దిగి సేపలేరు!"