టేపు కింది బటన్

ఒక బటన్ ఎంత బరువుంటది? తులం కూడా ఉండదు. కారు తలుపు మీద, డ్రైవరు చెయ్యి ఆనే కాడ, నల్లగ చిన్నగ ఉంటది. దాన్ని నేను ఇన్నేండ్లు మోసిన. తినుకుంట మోసిన, నవ్వుకుంట మోసిన. నా భార్యకు చెప్పలేదు. ఆమె పోయింది, ఇగ చెప్పే వీలు లేదు. మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. అందుకే మీకు చెప్తున్న.

చెప్పే ముందు ఒక మాట. నేను కోతలు కోసే మనిషిని. శంషాబాద్‌ల కారు అద్దాలకు సన్‌ఫిల్ము వేసే పని మొదలుపెట్టిందే నేను. రెండు వేల ఎనిమిదిల ఎయిర్‌పోర్టు తెరిచిన దినం నుంచి నా దుకాణం ముంగట కార్లు వరుస కట్టేటివి. ఒకసారి మంత్రి కారు కూడా వచ్చి ఆగింది.

చూసిండ్రా, అప్పుడే మొదలైంది. నాకంటె ముందే ఇద్దరు ఆ పని చేస్తుండిరి. వరుస అంటె మూడు కార్లు, అందుల ఒకటి నాదే. మంత్రి కారు ఆగిన మాట నిజం. డ్రైవరు అద్దం దించి ఎయిర్‌పోర్టుకు తొవ్వ అడిగి పోయిండు. ఇగ మీదట కోసిన కోతను నేనే పట్టుకొని చెప్త. అట్ల చెప్పకపోతే ఈ రాతకు అర్థం లేదు.

నా దుకాణానికి నాలుగు షట్టర్ల అవతల ఖాజా ఉండేటోడు. దుకాణం అని అనలేం. ఒక రేకుల పందిరి, ఒక స్టూలు, నీళ్ల స్ప్రే, రబ్బరు పట్టీ, బ్లేడు. నాకంటె రెండేండ్లే చిన్నోడు. తక్కువ మాట్లాడేటోడు. ఎయిర్‌పోర్టుల క్యాబులు నడిపే డ్రైవర్లు నా దుకాణం దాటి పోయి ఆయన పందిరి కింద నిలబడేటోళ్లు. ఎండల నిలబడేటోళ్లు. నేను లోపల ఫ్యాను కింద కూసొని వాళ్లను లెక్కపెట్టేటోన్ని.

ఆఖరికి నా భార్య తమ్ముడు సుత తన కారును ఖాజా కాడికే తీసుకపోయిండు. ఏంది బావా, నువ్వున్నవని మరిచిపోయిన అన్నడు. మరిచిపోయేంత దూరంల ఉన్ననా నేను? వాడు పిల్లనిచ్చిన ఇంటోడు కాబట్టి ఊకున్న.

ఖాజా కాడ ఏముంది, నా కాడ ఏం లేదు? ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెల్వనట్టు ఉన్న.

ఫిల్ము కొనెటోళ్లకు చూపించడానికి మా పనిల ఒక చెక్క డబ్బా ఉంటది. లోపల పెద్ద బల్బు, ముంగట అద్దం. ఫిల్ము అంటించిన అద్దం పెట్టి, వెనక చెయ్యి పెట్టి చూడమంటం. వేడి తగలకుంటె మంచి ఫిల్ము. అందరూ ఇట్లనే చూపిస్తరు. నేను మాత్రం నా ఫిల్ము ముందు పెట్టేటోన్ని, బల్బు చల్లగ ఉన్నప్పుడే. రెండోది, వేరే కంపెనీది, పెట్టేసరికి బల్బు కాగి ఉంటది. కొనెటాయన చెయ్యి గుంజుకొని, నీదే మంచిగున్నదే అనేటోడు. నేను అమ్మింది రంగు పూసిన అగ్గువ ఫిల్ము. ఒక ఎండకాలం బాగనే ఉంటది. రెండో ఎండకాలానికి వంకాయ రంగు తిరుగుతది, బుడగలు లేస్తయి. అప్పటికి కొన్నాయన ఎక్కడుంటడో నేనెక్కడుంటనో.

ఖాజాకు బల్బు డబ్బానే లేదు. ఆయన పద్ధతి వేరే. ఒక దినం మా గొట్టం పగిలితే, ప్లంబరు అక్కడ ట్యాంకు పని చేస్తున్నడని ఇని, వెతుక్కుంట ఖాజా ఉండే మిద్దె మీదికి ఎక్కిన. నీళ్ల ట్యాంకుకు ఆనిచ్చి అద్దం ముక్కలు వరుసగ నిలబెట్టి ఉన్నయి. పాత కారు తలుపుల అద్దాలు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క ఫిల్ము. మూలకు తెల్ల పెయింటుతో పెట్టిన నెల రాసి ఉంది. ఒక సంవత్సరం పొడుగూత శంషాబాద్ ఎండకు పెట్టి, రంగు మారనిది, అంచు లేవనిది, మన డ్రైవరు కొనగలిగేది, మూడూ కుదిరిన ఫిల్మునే ఖాజా తెచ్చి వేసేటోడు. పేరున్న కంపెనీది కాదు. కొత్తలో చూస్తే మామూలుగనే కనపడేది. ఎండకు నిలబడింది గని.

ఆ వరుసల ఒక ముక్క వంకాయ రంగుకు తిరిగి, మధ్యల పొక్కులు పొక్కులుగ ఉంది. చూడంగనే గుర్తుపట్టిన. అది నా ఫిల్ము.

ఖాజా బట్టలు ఆరేస్తున్నడు. నన్ను చూసి దగ్గరికి వచ్చిండు.

"ఏమనుకోకు అన్నా. అందరియీ తెచ్చి పెట్టిన. నీదొక్కటే కాదు."

"నాది ఎన్ని దినాలాయె?"

"దినమంత ఎండల ఉంటది గద, ఏడాది కాలే. నాలుగు నెలలు." తల గోక్కున్నడు. "నేను తెచ్చే జాగ చెప్త అన్నా. నువ్వు సుత అదే వెయ్యి. డ్రైవర్లు పరేషాన్ కాకుంట ఉంటరు."

"నీ గిరాకీ పోతదేమో చూస్కో మరి."

"గిట్ల ఎన్ని కార్లు వస్తున్నయో చూస్తలేవా? నా ఒక్కని చేతులు ఎన్నింటికి సాలుతయి అన్నా?"

దొంగ అంటె తట్టుకునేటోన్ని. మోసగాడు అంటె కొట్లాడేటోన్ని. గని తన జాగ చెప్త అన్నడు. మనసు విప్పి చెప్తున్నడని తెలుస్తనే ఉంది. మెట్లు దిగుకుంట నాకు కడుపుల మంట. ఆయన మంచి ఫిల్ము ఎట్ల దొరకబట్టిండా అని కాదు ఆ మంట. ఒక ఏడాది ఊకె ఎదురుచూసే ఓపిక ఎట్ల వచ్చిందా అని. ఓపికను ఏ దుకాణంల కొంటం?

రెండు వేల పది ఎండకాలం. మహేశ్వరం దిక్కు భూమి అమ్మి నలభై క్యాబులు కొన్న పటేలు ఒకాయన వచ్చిండు. నలభయ్యా? ముప్పై రెండు. పట్టుకున్న, చూసిండ్రా. అన్ని కార్లకు ఫిల్ము ఒకని చేతికే ఇస్త అన్నడు. ఆ పని దొరికితే ఖాజా రేకుల పందిరి తీసేసి షట్టరు కిరాయికి తీసుకుందామనుకున్నడు. ఆ సంగతి నాకు ఆయనే చెప్పిండు. పక్క షట్టరు ఖాళీ ఉందా అని నన్నే అడిగిండు కాబట్టి నాకు తెలుసు.

పటేలు తెలివిగల మనిషి. యాదయ్య అనే డ్రైవరు కారు ఇచ్చి, ఎడమ దిక్కు రెండు తలుపులు ఖాజా, కుడి దిక్కు రెండు నువ్వు అన్నడు. నాలుగు దినాలు ఎండల నిలబెట్టి వచ్చి చూస్త అన్నడు.

కొత్తగ ఫిల్ము వేసినంక అద్దం దించొద్దు. లోపల సబ్బు నీళ్ల తడి ఆరేదాక అది అద్దాన్ని గట్టిగ పట్టుకోదు. అద్దం దించితే అంచు రబ్బరుల ఇరుక్కొని ముడుతలు పడి లేస్తది. అన్ని తలుపుల అద్దాలు దించే బటన్లు డ్రైవరు తలుపు మీదనే ఉంటయి, అందుకే వాటి మీద టేపు అంటిస్తం. నేనూ అంటించిన. ఖాజా తన టేపు మీద బాల్‌పెన్నుతో "నాలుగు దినాలు" అని రాసిండు.

రెండో దినం మధ్యాహ్నం యాదయ్య తాళం నా చేతికిచ్చి, జర చూస్తుండు అన్నా, తిని వస్త అన్నడు. కారు ఎండల ఉంది. నేను కారెక్కి డ్రైవరు సీట్ల కూసున్న. నా దిక్కు అద్దం చూసిన, ఆయన దిక్కు అద్దం చూసిన. రెండూ ఒక్క తీరుగనే ఉన్నయి. ఇంకో రెండు దినాలకు సుత ఒక్క తీరుగనే ఉంటయి. పటేలు బల్బు డబ్బా అడిగితే నేనే గెలుస్త. మరి నాకెందుకు భయం? ఆ మిద్దె మీద నాలుగు నెలలకే వంకాయ రంగు తిరిగిన నా ముక్క ఉంది. పటేలు ఒక్కసారి ఆ మెట్లెక్కితే అయిపాయె.

ఈ కథ నాకు నేను చెప్పుకున్నప్పుడల్లా పెద్దగ చేసి చెప్పుకున్న. పది దినాలు ఆలోచన చేసిన అని, మనిషిని పెట్టి చేయించిన అని. అట్ల చెప్పుకుంటె తప్పు సుత ఒక మొగోడు చేసినట్టు ఉంటది. జరిగింది అది కాదు. తాళం తిప్పిన. ఖాజా టేపు అంచు గోరుతో లేపిన. ముంగటి ఎడమ తలుపు బటన్ నొక్కిన. అద్దం దిగింది, మళ్లీ ఎక్కించిన. వెనక తలుపు బటన్ మీద వేలు పెట్టంగనే యాదయ్య చెప్పుల చప్పుడు ఇనబడ్డది. టేపును ఎట్లున్నదట్ల అంటించిన. ఒక బీడీ అంటించేంత సేపు సుత పట్టలేదు. నా వేలు వణకలేదు.

నాలుగో దినం పటేలు వచ్చి ముంగటి అద్దం చూసిండు. అంచు పొడుగూత ఫిల్ము ముడుచుకొని లేసి ఉంది. నా దిక్కు తిరిగి, నువ్వే వెయ్యి అని కారెక్కి పోయిండు.

ఖాజా టేపును వేలితో తడిమిండు. రాసిన అక్షరాలు అట్లనే ఉన్నయి. యాదయ్యను అడిగిండు. నేను ముట్టనే లేదు భాయ్ అన్నడు యాదయ్య, నిజమే చెప్పిండు. ఖాజా నన్ను అడగలేదు. నన్ను అనుమానించాలన్న ఆలోచనే ఆయనకు రాలేదు. కుడిచెయ్యి కిందికి మీదికి తిప్పి చూసుకున్నడు.

"నా చెయ్యే తప్పింది అన్నా," అన్నడు.

అప్పుడు సుత వీలుండె. మీరే చెప్పండి, ఉండెనా లేదా? నేను ఏమన్ననో తెలుసా? "అయితది ఖాజా. వయసు వస్తుంటె చెయ్యి వణుకుతది" అన్న. బటన్ కంటె ఆ మాట పెద్దది. బటన్ అద్దాన్నే దించింది.

నెల తిరగకముందే ఖాజా ఆ పనే వదిలిపెట్టి పందిరి తీసేసిండు. మిద్దె మీది అద్దాలను పాత సామాన్లోనికి ఇచ్చేసిండని ఇన్న.

ముప్పై రెండు కార్లు నాకే వచ్చినయి. నా అగ్గువ ఫిల్మే వేసిన. మరుసటి ఎండకాలానికి అన్నీ వంకాయలే. పటేలు ఫోను చేసి తిట్టిన తిట్లు మీకు రాయను. ఆయన తిట్టింది నన్నే గని, నాకు మిద్దె మీద ఖాజా మాట ఇనబడ్డది. డ్రైవర్లు పరేషాన్ కాకుంట ఉంటరు.

రెండు వేల పన్నెండుల కార్ల అద్దాల మీద ఏ ఫిల్మూ ఉండొద్దని కోర్టు చెప్పింది. పోలీసులు ఆపి పీకిస్తుండిరి. వేసినోన్నే పీకుమని పటేలు కార్లన్నీ నా ముంగట పెట్టిండు. బ్లేడు పట్టుకొని కూసున్న. ముక్కలు ముక్కలుగ వచ్చేది, జిగురు అద్దానికే ఉండిపోయేది. గీకి గీకి నా వేళ్లు పగిలినయి.

యాదయ్య కారు వంతు వచ్చింది. వెనక ఎడమ తలుపు అద్దం. అది ఖాజా వేసింది. అప్పట్ల ముంగటిది మార్చిన గని, ఒక ముక్క మిగులుతదని దీన్ని వదిలేసిన. మూల పట్టి లాగిన. ఒక్క పొరగ వచ్చింది, పూర్తిగ, జిగురు చుక్క వదలకుంట. రెండు ఎండకాలాలు దాటినా ఆ రంగు మారలేదు. దాన్ని చేతుల పట్టుకొని చానసేపు కూసున్న. ఏమైందే అని యాదయ్య అడిగిండు. ఏం లేదు, నడుము పట్టింది అన్న.

కోర్టు ఎట్లాగూ ఆపేదే కదా, ఖాజా పని రెండేండ్లకు పొయ్యేదే కదా అని నాకు నేను మస్తుసార్లు చెప్పుకున్న. గని కోర్టు ఆపితే అందరితోని పాటు ఆగేటోడు. తన చేతుల తప్పుందని నమ్మి ఆగిండు. ఈ రెండూ ఒకటేనా?

ఆయనిప్పుడు కొత్వాల్‌గూడ దిక్కు ఒక నర్సరీల మొక్కలకు నీళ్లు పడుతున్నడు. అప్పుడప్పుడు చాయ్ హోటల్ల కలుస్తడు. అన్నా బాగున్నవా అని ముందు తనే అడుగుతడు. చాయ్ గ్లాసు ఎత్తే ముందు కుడిచెయ్యి ఒకసారి చూసుకుంటడు. వణుకుతుందేమో అని. అది ఎన్నడూ వణకలేదు. ఎదురుంగ కూసొని చూస్తున్న నాకు తెలుసు.

కోతలు కొయ్యాలంటె ఇక్కడ ఒకటి కొయ్యొచ్చు. పొద్దుగాలనే నర్సరీకి పోయి ఆయన చేతులు పట్టుకున్న అని. పోలేదు. పోతనో లేదో సుత తెల్వదు.

ఖాజా చెయ్యి తప్పలేదు. బటన్ నొక్కింది నేను. రాసిన. అక్షరాలల్ల చూస్తే గింతే ఉంది. ఇన్నేండ్లు దీన్నేనా మోసింది?