ఉప్పునీళ్ళలో మూడు ముక్కలు

నా చిన్నప్పుడు మా నాయనమ్మ మాతో ఉంటుందా, ఊరికి తిరిగిపోతుందా అన్నది ఒక పందిరి మీద ఆధారపడింది. ఈ మాట చెబితే మా మనవలు నవ్వుతారు. నవ్వితే నవ్వారు గానీ, ఆ రోజుల్లో నాకు అన్నం సహించేది కాదు. ఆమె పక్కలో తప్ప నాకు నిద్ర పట్టేది కాదు మరి.

అప్పుడు మేము ఖతర్‌లో, మెసయీద్ అనే ఊళ్ళో కంపెనీ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. మా నాయన ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. తాతయ్య పోయిన తర్వాత జగిత్యాల దగ్గరి మా ఊరినుంచి నాయనమ్మను తన దగ్గరికి తెచ్చుకున్నాడు. ఊళ్ళో అందరికీ గల్ఫ్ అంతా దుబాయే కదా, ఆమె ఖతర్‌లో దిగాక కూడా 'ఈ దుబాయ్‌ల' అనే అనేది. మేమూ దిద్దడం మానేశాం. ఆమెకు ఏసీ పడలేదు. ఆపితే ఉక్క, పెడితే మోకాళ్ళ నొప్పి. బయట కూర్చుందామంటే నీడ లేదు. మా ఇంటి వెనక కాస్త ఇసక నేల, గోడ, గోడకు అవతల ఎండ, అంతే. చలికాలం పడగానే ఊరికి పంపించమని నాయనకు చెప్పేసింది. కారణం అడిగితే, కూర్చోను జాగా లేని ఇంట్లో ఉండలేనంది.

మా నాయన మాటకారి కాదు. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, తిని పడుకునే మనిషి. ఆ శుక్రవారం మాత్రం ఎక్కడినుంచో నాలుగు గుంజలు మోసుకొచ్చి, ఇసకలో పాతి, పైన ఖర్జూరపు మట్టలు పరిచి, తాళ్ళతో కట్టి పందిరి నిలబెట్టాడు. అచ్చం ఊళ్ళో పెళ్ళికి వేసినట్టు వేశాడు. పొరపాటు అక్కడే జరిగింది. పెళ్ళిపందిరి ఎండను ఆపితే చాలు, పెళ్ళి కాగానే దాన్ని విప్పేస్తారు. గాలితో దానికి పనేం ఉంది? ఇక్కడ ఉత్తరం నుంచి షమాల్ అని ఒక గాలి వీస్తుంది. అది మొదలైతే ఇసకే నిలవదు, ఇసకలో పాతిన గుంజ ఏం నిలుస్తుంది. వారం తిరక్కుండానే మా పందిరి లేచివెళ్ళి మేము ఖాలా అని పిలిచే పక్కింటావిడ బట్టల తీగ మీద పడింది.

నాయనమ్మ బయటికి వచ్చి చూసింది. లోపలికి వెళ్ళి చీరలు మడతపెట్టడం మొదలుపెట్టింది. నేను వెళ్ళి ఆ మడతల మీదే కూర్చున్నాను.

"లే బిడ్డా. నీడ గూడ నిలువని జాగల నేనేం నిలుస్త?" అంది.

నాయనకు పౌరుషం వచ్చింది. ఈసారి పదేళ్ళు నిలిచే పందిరి వేస్తానన్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో దేనితో వెయ్యాలన్న గొడవ మొదలైంది. నాయన ఇనుప పైపు అన్నాడు. ఇనుము తప్ప ఈ భూమ్మీద ఇంకో లోహం ఉన్నట్టు ఆయన ఒప్పుకోడు. మా అమ్మ అల్యూమినియం కావాలంది. కాలనీలో కిటికీలన్నీ దానివే, ఒక్కదానికీ తుప్పు లేదని ఆమె వాదన. బట్టల తీగ తెగినందుకు పంచాయతీకి వచ్చిన పక్కింటి ఖాలా కూడా ఇందులో చేరింది. ఆమెది హైదరాబాద్, తెలుగూ దక్ఖనీ కలిపి మాట్లాడేది. "లకడీ లకడీయే హై అమ్మా. కట్టె సల్లగుంటది, ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాల్తది," అని తీర్పు చెప్పింది. ఆమె మాటా నిజమే. ఎండాకాలంలో మా గేటు ముట్టుకుంటే అరచేయి ఎర్రబడేది.

ముగ్గురూ నాయనమ్మ వైపు చూశారు. కూర్చునేది ఆమె కాబట్టి ఆమెనే తేల్చమన్నారు. నాకు తెలియదంది ఆమె. ఆ మాట అంత తేలిగ్గా అన్న పెద్దమనిషిని నేను అంతకుముందు చూడలేదు. తర్వాత కాసేపు ఆలోచించి, తలా ఒక ముక్క తెచ్చి ఇవ్వమంది. రంగు వేసిన ఇనుప పైపు ముక్క, అల్యూమినియం కిటికీ ముక్క వచ్చాయి. ఖాలా తన విరిగిన మంచం కోడు తెచ్చింది. అది టేకని పుట్టింటివాళ్ళు చెప్పారట. టేకో కాదో ఆ పైవాడికే తెలియాలని మా నాయన గొణిగాడు.

నాయనమ్మ మామిడికాయ ఊరవేసేటప్పుడు కలిపినట్టే చిక్కగా ఉప్పునీళ్ళు కలిపింది. ఈ ఊరి గాలిలోనే ఉప్పుందనీ, పొద్దున్నే కిటికీ అద్దం నాకి చూడమనీ నాతో అంది. నేను నిజంగానే నాకాను. నిజంగానే ఉప్పగా ఉంది. అమ్మ చూసి ఇద్దర్నీ కలిపి తిట్టింది. ఏళ్ళ తరబడి గాలి చేసే పనిని ఉప్పునీళ్ళు తొందరగా చేసి చూపిస్తాయని నాయనమ్మ ఉపాయం. రోజూ ముక్కల్ని ఆ నీళ్ళలో ముంచి ఎండలో పెట్టాలి. ముంచే ముందు ఇనుప ముక్క రంగు మీద మేకుతో ఒక గీత గీసింది. నాయన అభ్యంతరం చెప్పాడు. గీత పడకుండా పదేళ్ళు కాచేవాడివైతే చెప్పు, గియ్యనంది. కట్టెకు గాలికన్నా నేల తడితోనే చేటు కాబట్టి, మంచం కోడును మాత్రం రోజూ ముంచి ఎండబెట్టిన తర్వాత ఏసీ నీళ్ళు కారే తడి ఇసకలో సగం దాకా గుచ్చి ఉంచేది.

ఆ ముక్కల పిచ్చి నాకు మామూలుగా పట్టలేదు. బడి నుంచి రాగానే సంచీ గుమ్మంలో పారేసి అక్కడికి పరుగెత్తేదాన్ని. ముందు ఇనుము బయటపడింది. గీత గీసిన చోట ఎర్రటి చుక్క, ఆ చుక్క చుట్టూ రంగు పొక్కుల్లా లేవడం. నాయన మొహం చిన్నబోయింది. కట్టె పైకి బాగానే ఉంది, కొసన మాత్రం సన్నని పగుళ్ళు వచ్చాయి. అల్యూమినియం చెక్కుచెదరలేదు. నాయనమ్మకే ఆశ్చర్యం వేసింది. ఊళ్ళో జర్మన్ గిన్నెలంటారే, అదే లోహం. ఆ గిన్నెలో చింతపులుసు ఉంచితే చిల్లులు పడడం ఆమె చూసింది, అందుకని ఇదే మొదట ఓడుతుందనుకుంది. తన లెక్క తప్పినందుకు ఆమె చిన్నపిల్లలా మురిసిపోయింది. ఇటు రా, చూడు, నేననుకున్నట్టు కాలేదు చూడు, అని నన్ను పిలిచి మరీ చూపించింది. తప్పు అనుకోవడంలో కూడా ఇంత సంబరం ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

అమ్మ గెలిచిందని నేను చప్పట్లు కొట్టాను. ఆగమంది నాయనమ్మ. ఒక శుక్రవారం సాయంత్రం అందరినీ పిలిచి, రెండు ఇటుకల మధ్య ఇనుప ముక్కను వంతెనలా పెట్టి నాయనను ఎక్కి నిలబడమంది. అది కదల్లేదు. తర్వాత అల్యూమినియం మీద నిలబడ్డాడు. కొంచెంసేపు బాగానే ఉంది. ఉన్నట్టుండి చప్పుడైనా లేకుండా మధ్యలో మడతపడింది, నాయన ఖాలా భుజం పట్టుకుని ఆగాడు. మందంగా ఉండేది దొరికితే ఇదీ ఆగుతుందని ఆయనే న్యాయం చెప్పాడు. కానీ అలాంటిది ఆ రోజుల్లో మాకు దొరికేది కాదు. చివరికి నాయనమ్మ మంచం కోడును ఇసకలోంచి పీకింది. పైన నున్నగా ఉంది. మేకు తీసి కిందివైపు గుచ్చితే వెన్నలోకి దిగినట్టు దిగింది. లోపల అంతా చెదలు. ఖాలా దానివైపు చూసి, మా వాళ్ళు టేకనే చెప్పారే అని మాత్రం అంది.

నాకు ఏడుపొచ్చింది. మూడూ చెడ్డవే అయితే పందిరి లేదు, పందిరి లేకపోతే నాయనమ్మ లేదు. "అయితే ఏదీ మంచిది కాదా?" అని అడిగాను.

నాయనమ్మ నన్ను ఒళ్ళోకి లాక్కుంది. "మంచిదేదని అడుగకు బిడ్డా. జబ్బు లేనిది ఈ లోకంల లేదు. దేని జబ్బు ఏందో అడుగు. కట్టె జబ్బు లోపట్నే ఉంటది, కూలినంక గాని తెల్వది. జర్మన్‌ది ముందుగాల చెప్పది, ఒక్కపాలి వంగుతది. ఇనుముకు జబ్బు జల్ది అస్తది, కాని మొఖం మీదనే కనబడ్తది. కనబడ్డదాన్ని గీకి రంగేసుకోవచ్చు. చెప్పే జబ్బే నయం."

ఇనుమే ఖాయమైంది. నాయన మొహం చూడాలి, పెళ్ళికొడుకు మొహమే. కాళ్ళు ఇసకలో పాతకుండా సిమెంటు దిమ్మెల మీద ఎత్తి బిగించమనీ, తడి తగలకుండా చూడమనీ నాయనమ్మ చెప్పింది. అన్నీ విని, తలూపి, నాయన ఉన్నచోటే నిలబడిపోయాడు. అంత మాట ఆయన నోట వస్తుందని మేమెవరమూ అనుకోలేదు.

"అన్నిటి జబ్బులు అడిగినవ్ గదనే అవ్వా. నీ జబ్బేందో చెప్తవా? మోకాళ్ళ నొప్పి గాదు."

ఖాలా లేచి పోబోతే, కూర్చో అన్నట్టు నాయనమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత నేల చూస్తూ చెప్పింది. "ఇంట్ల పొద్దంత మాట వినబడది కొడుకా. నువ్వు డ్యూటీకి పోతవ్, అచ్చి పంటవ్. పిల్ల బడికి పోతది. కోడలికి పనితోనే సరిపాయె. మీ నాయినతోని జిందగంత కొట్లాడిన నేను. ఇప్పుడు కొట్లాడనీకి గూడ మనిషి లేడు."

అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తాతయ్య పోయినప్పుడు కూడా నాయనమ్మ మా ముందు ఏడవలేదు. ఆ రోజు ఏడ్చింది. ఖాలాకు తెలుగులో మాట అందక దక్ఖనీలో ఏదో అంటూ ఆమె వీపు నిమిరింది.

ఇనుప పందిరి నిలబడింది. దాని సంగతి ఎక్కువ చెప్పడానికి లేదు, గట్టిగా ఉంది, షమాల్ వచ్చినా ఊగలేదు. అసలు మార్పు మా నాయనలో వచ్చింది. డ్యూటీ నుంచి రాగానే బట్టలు కూడా మార్చకుండా ఆ పందిరి కింద కూర్చుని వాళ్ళమ్మతో కావాలని గొడవ పెట్టుకునేవాడు. ఊళ్ళో మన బర్రె కొమ్ము విరిగింది కుడివైపా ఎడమవైపా అని ఒకరోజు. చిన్నప్పుడు ఎక్కువ కొట్టింది తననా, చిన్నాన్ననా అని ఇంకోరోజు. మొదట్లో నేను భయపడేదాన్ని. తర్వాత చూస్తే ఇద్దరి మొహాలూ వెలిగిపోతుండేవి. అమ్మా, ఖాలా కూరగాయల కత్తిపీటలు అక్కడికే తెచ్చుకునేవాళ్ళు. ఆ చలికాలమే పోతానన్న మనిషి నేను పెద్దయ్యేదాకా మా ఇంట్లో ఉంది. ఏటా ఒకసారి నాయన ఇనుము గీకేవాడు, నేను రంగు వేసేదాన్ని, ఎక్కడ వదిలేశానో ఆమె కూర్చున్నచోటు నుంచే చెప్పేది.

ఇప్పుడు ఇదే ఖతర్‌లో, ముఐథర్ అనే చోట మా అబ్బాయి తన విల్లా పెరట్లో గజిబో, అంటే ఈ కాలపు పందిరి, కట్టిస్తున్నాడు. ఏ ఫ్రేమ్ మంచిదమ్మా అని ఫోనులో రకరకాల బొమ్మలు చూపించాడు. జింకు పూత వేసిన ఇనుముందట, మందపు అల్యూమినియం ఉందట, కట్టెలా కనిపించే కట్టె కానిదేదో కూడా ఉందట. మంచిదేదో నాకు తెలియదు నాయనా, అమ్మేవాణ్ణి దాని జబ్బేమిటో అడుగు, చెప్పకపోతే అక్కడ కొనకు అన్నాను. వాడు నిజంగానే అడుగుతూ తిరుగుతున్నాడు. దుకాణాలవాళ్ళు వింతగా చూస్తున్నారట. చూడనీ.

అయితే ఆ రోజు నుంచి నేను మోసుకొచ్చింది గజిబోలకు పనికొచ్చే తెలివి కాదు. మా నాయన ఆ ఒక్క ప్రశ్న అడగకపోతే, అంత గట్టి పందిరి కట్టినా, దాని కింద కూర్చునేవాళ్ళు లేకుండా చేసి మా నాయనమ్మ విమానం ఎక్కి వెళ్ళిపోయేది. అందరు కొడుకులకూ ఆ ప్రశ్న తట్టదు. అందుకని ఎవరైనా నన్ను అడిగేదాకా నేను ఆగను. ఎక్కడ నొప్పి ఉందో, ఏ మాట మనసుకు తగిలిందో, ఏ రోజు దిగులుగా ఉందో పొద్దున్నే టీ తాగుతూ అందరికీ వినపడేలా చెప్పేస్తాను. మా కోడలు నవ్వుతుంది, అత్తయ్య వార్తలు మొదలయ్యాయని. నవ్వుతూనే వచ్చి పక్కన కూర్చుంటుంది. నా బాధ ఎక్కడుందో వెతుక్కునే పని మాత్రం నా ఇంట్లో ఎవరికీ పెట్టలేదు.