మొలతాడు కింద నల్ల మచ్చ

ఆ బుధవారం ఉదయం పదకొండింటికి ఒకే ముక్కను మూడుసార్లు కొలిస్తే మూడు కొలతలు వచ్చాయి. నేను రాజమండ్రిలో నీళ్ల పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో, క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. చేతిలో వెర్నియర్, బల్ల మీద ఇత్తడి బుష్. ముందు వెర్నియర్ మీద అనుమానం వచ్చింది. జీరో సరిచూశాను, బాగానే ఉంది. పక్క బల్ల దగ్గరున్న ప్రసాదు గారికి ఇచ్చాను. ఆయనకు మూడుసార్లూ ఒకే కొలత వచ్చింది. అప్పుడు నా చేతి వంక చూసుకున్నాను. వణుకుతోంది.

"చలేస్తోందా ఏంటి బాబూ? ఇక్కడ ఫ్యాన్ కూడా లేదు కదా" అన్నారాయన.

సగం రోజు సెలవు పెట్టి కొవ్వూరు బస్సెక్కాను. బస్సు వంతెన దాటుతున్నంతసేపూ పళ్లు టకటకలాడాయి. ఇంటికొచ్చి థర్మామీటర్ పెట్టుకుంటే నూట రెండు పాయింట్ నాలుగు. పడుకునే ముందు నోట్‌బుక్ తీసి గళ్లు గీశాను: టైము, టెంపరేచర్, వేసుకున్న మాత్ర, ఇతర లక్షణాలు. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"జ్వరమొచ్చినా లెక్కలేనా? పడుకోరా" అంది.

జ్వరానికి పదకొండు రోజుల ముందు సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ శనివారం నేనూ, మా మేనత్త కొడుకు శ్రీను బావా క్యాంపింగ్‌కి వెళ్లాం. జంగారెడ్డిగూడెం దాటాక బావకు జీడిమామిడి తోట ఉంది. తోట చివర చిన్న వాగు. నాకు అది మొదటి క్యాంపింగ్. ఇరవై రెండు వస్తువుల లిస్టు రాసుకుని, టెంటు దగ్గర్నుంచి గాలి దిండు దాకా అన్నీ బైకుకి కట్టుకుని వెళ్లాను. బావ ఒక లుంగీ, తాళ్ల ఉయ్యాల పట్టుకొచ్చాడు.

టెంటు కోసం బావ ముందురోజే కొంత నేల చదును చేయించి ఉంచాడు. ఫోన్‌లో లెవెల్ చూసే యాప్ పెట్టి కొలిస్తే అది రెండు డిగ్రీలు వాలుగా ఉంది. నాకు నచ్చలేదు. పది గజాల అవతల, జీడిచెట్ల కింద, వానలకు మోకాలెత్తు పెరిగిన గడ్డిలో నేల బాగా సమంగా ఉంది. గడ్డి తొక్కి అక్కడే టెంటు వేశాను.

"రెండు డిగ్రీలకి దొర్లిపోతావేంటి బావా?" అని బావ ఉయ్యాల్లో పడుకుని నవ్వాడు.

మర్నాడు పొద్దున్న ఆ గడ్డిలోనే కూర్చుని రెండు గంటలపాటు పిట్టలు చూశాను. పద్నాలుగు రకాలు లెక్కపెట్టాను. ఏమీ కుట్టలేదు. దురద కూడా పుట్టలేదు. ఇంత బాగుంటుందని తెలిస్తే ఎప్పుడో వచ్చేవాణ్ని కదా అనుకుంటూ ఇంటికొచ్చాను.

జ్వరం వచ్చిన రెండో రోజు మా వీధి చివర క్లినిక్‌కి వెళ్లాం. అక్కడి డాక్టరు గారు నెమ్మదస్తుడు. నేను లిస్టు చదివాను. జ్వరం, తలనొప్పి, కళ్లు ఎర్రబడటం, పిక్కల నొప్పులు, ఆకలి లేకపోవడం. క్యాంపింగ్ సంగతి కూడా చెప్పాను. మలేరియా పరీక్ష చేయించారు. నెగెటివ్. డెంగ్యూ ఎన్‌ఎస్ వన్ నెగెటివ్. వైడాల్ మాత్రం కొంచెం పాజిటివ్ వచ్చింది.

"టైఫాయిడ్ అనుకుని మొదలుపెడదామండి. ఐదు రోజులు ఇంజెక్షన్ చేయించుకోండి. తగ్గకపోతే ఆలోచిద్దాం" అన్నారు.

ఐదు రోజులు చేయించుకున్నాను. నా నోట్‌బుక్‌లో గ్రాఫ్ ఎక్కడా తగ్గలేదు. మాత్ర వేసుకున్న గంటకు నూటొకటి, నాలుగు గంటలకు నూట మూడు. రంపం పళ్లలా పైకీ కిందికీ ఒకే ఆకారం. లిస్టు మాత్రం పెరిగింది. ఏడో నంబరు పొడి దగ్గు, తొమ్మిది చెవుల్లో హోరు, పదకొండు ఆయాసం. ఎనిమిదో రోజున మంచం మీంచి బాత్‌రూమ్ దాకా నడిచి, తిరిగొచ్చి, నాలుగు మాటలు కలిపి మాట్లాడలేకపోయాను. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ తొంభై చూపించింది. క్లినిక్ డాక్టరు గారు అది చూసి, "ఇక నా దగ్గర కాదండి. వెంటనే రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి" అని చీటీ రాసిచ్చారు. అమ్మ కారు మాట్లాడింది.

ఆ పెద్దాసుపత్రిలో నన్ను చూసిన ఫిజీషియన్ దాదాపు అరవై ఏళ్ల మనిషి. ముక్కుకి ఆక్సిజన్ పెట్టించి, నా లిస్టు మొదటి నుంచి చివరిదాకా రెండుసార్లు చదివారు.

"పదకొండు పాయింట్లు. అక్షరం ముత్యంలా ఉంది. ఏం చేస్తుంటారు?"

"క్వాలిటీ ఇన్‌స్పెక్షనండి."

"క్యాంపింగ్‌కి వెళ్లారని చీటీలో ఉంది. సరే, ఇప్పుడు మిమ్మల్ని నేను ఇన్‌స్పెక్ట్ చేస్తాను."

టార్చిలైటు తీసి మొదలుపెట్టారు. చెవుల వెనక, చంకల్లో, మోకాళ్ల వెనక, వేళ్ల సందుల్లో చూశారు. గజ్జల్లో నొక్కితే అక్కడ గ్రంథి వాచి ఉంది. అప్పుడు మొలతాడును వేలితో పైకి జరిపారు. ఎడమ వైపు, తాడు కూర్చునే చోట, శనగగింజంత నల్లటి పక్కు ఉంది. చుట్టూ ఎర్రటి గుండ్రం.

"ఇదేంటి?"

"మొలతాడు ఒరుసుకుందండి. కొత్త తాడు."

"నొప్పుందా?"

"లేదండి."

"దురద?"

"లేదండి."

"ఒరుసుకున్న పుండు నొప్పి లేకుండా ఎలా ఉంటుందయ్యా? ఎన్నాళ్లైంది?"

"జ్వరానికి మూడు రోజుల ముందు చూశానండి."

"మరి పదకొండు పాయింట్లలో ఇది లేదేం?"

ఆయాసంలోనే చెప్పాను. "కారణం తెలిసిందని రాయలేదండి. తెలియనివే రాశాను."

ఆయన టార్చిలైటు ఆర్పేశారు. "దీన్ని ఎస్కార్ అంటారు. ఇది స్క్రబ్ టైఫస్, గడ్డిలో పురుగు కుట్టి వచ్చే జ్వరం. టెస్టుకి పంపిస్తాను కానీ రిపోర్టు కోసం ఆగను" అని సిస్టర్ వైపు తిరిగి మందులు చెప్పారు.

ఆ తాడు కోరుకొండ నుంచి తెచ్చింది మా అమ్మ. క్యాంపింగ్‌కి ముందురోజు, పాతది తెగేలా ఉందని, తనే కట్టింది. నల్ల మచ్చ చూపించినప్పుడు, "కొత్తది కదరా, ఒరుసుకుంటుంది. కొబ్బరినూనె రాసుకో" అంది. నాకూ అది సబబుగా తోచింది. మా ఫ్యాక్టరీలో గీత పడిన ముక్క కనబడితే దాన్ని బిగించే ఏ ఫిక్స్చర్‌కి రాసుకుందో చూస్తాం. దొరికితే ఇక ఆ గీత గురించి ఆలోచించం. మచ్చ ఉన్న చోటే తాడుంది. ఇంకేం కావాలి? రోజూ నూనె రాసుకున్నాను. మూడు కొలతలు తేడా వచ్చాయని వెర్నియర్‌ని అనుమానించిన వాణ్ని, దీన్ని అనుమానించలేదు.

ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల్లోనూ తెల్లటి మబ్బుల్లా ఉంది. డాక్టరు గారు అమ్మను మంచం పక్కకే పిలిచి, నేను వింటుండగానే చెప్పారు. "ఇన్ఫెక్షన్ లంగ్స్‌కి పాకిందమ్మా. లివర్ మీద కూడా కొంచెం ఉంది. ప్లేట్‌లెట్లు తగ్గాయి. మందు పడితే నలభై ఎనిమిది గంటల్లో జ్వరం దిగాలి. దిగకపోతే, ఆయాసం పెరిగితే, వెంటిలేటర్ పెట్టాల్సి రావచ్చు."

అంతకుముందే సిస్టర్ కత్తెరతో మొలతాడు కత్తిరించి అమ్మ చేతికిచ్చింది. ఆవిడ దాన్ని వేలికి చుడుతూ, విప్పుతూ, మళ్లీ చుడుతూ కూర్చుంది.

"నేనే కట్టాను. నేనే ఒరుసుకుందన్నాను" అంది.

"తాడు వల్ల రాలేదమ్మా" అన్నాను.

"దాని కిందే దాక్కుంది కదరా."

పదకొండున్నరకి మొదటి డాక్సీసైక్లిన్ క్యాప్సూల్ మింగాను. అజిత్రోమైసిన్ డ్రిప్ పెట్టారు. నాకు రాసే ఓపిక లేదు. నోట్‌బుక్ అమ్మకిచ్చి గళ్లు చూపించాను. లెక్కలేనా అని విసుక్కున్న మనిషి, ఆ రెండు రోజులూ నాలుగు గంటలకోసారి సిస్టర్‌ని అడిగి మరీ టెంపరేచర్ రాసింది. సాయంత్రానికి నూట రెండు. మర్నాడు పొద్దున్న నూటొకటి. మధ్యాహ్నం జ్వరం మాత్ర లేకుండా వంద. ఆ మర్నాడు పొద్దున్న ఏడింటికి అమ్మ నోట్‌బుక్ నా ముఖం ముందు పెట్టింది. తొంభై ఎనిమిది పాయింట్ ఆరు. దాని చుట్టూ రెండుసార్లు సున్నా చుట్టింది.

ఆక్సిజన్ తీసేశాక నాకు ప్రశ్నలు మొదలయ్యాయి. రౌండ్లకి వచ్చినప్పుడల్లా ఒకటి అడిగేవాణ్ని. కుట్టింది ఏంటి? "మైట్ అనే పురుగు పిల్ల. ఎర్రటి నలుసంత ఉంటుంది, కంటికి సరిగ్గా ఆనదు." గడ్డిలో ఎందుకుంటుంది? "పొదల్లో, ఎత్తు గడ్డిలో, ఎలుకలు తిరిగే చోట ఉంటుంది. వానల తర్వాత ఎక్కువ." చేతుల మీద కుట్టకుండా నడుం దగ్గరే ఎందుకు? "ఒంటి మీద పాకుతూ బట్ట బిగుతుగా ఉన్న చోట ఆగిపోతుంది. చంకలు, గజ్జలు, బెల్టు కింద. మీరు దానికి తాడు కూడా కట్టి ఉంచారు." మరి మా బావకెందుకు రాలేదు? "ఆయన ఎక్కడ పడుకున్నాడు?" ఉయ్యాల్లోనండి. "తెలివైనవాడు."

బావకి ఫోన్ చేశాను. అనుమానం తీరక, ఒళ్లంతా చూసుకోమన్నాను.

"నాకేంటి బావా, దుక్కలా ఉన్నాను. అయినా నీ ఇరవై రెండు వస్తువుల్లో ఉయ్యాల లేదు చూడు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "అత్త ఎలా ఉంది? నామీద కోపంగా ఉందా?" అని అడిగాడు.

ఆసుపత్రిలో చేరిన ఎనిమిదో రోజున డిశ్చార్జ్ చేశారు. మూడు వారాలు పని వద్దన్నారు. నేను ఇంటికొచ్చిన పదో రోజే ఫ్యాక్టరీకి వెళ్లాను. మెట్లెక్కుతుంటే రెయిలింగ్ పట్టుకుని కూలబడ్డాను. ప్రసాదు గారు ఆటో ఎక్కించి వెనక్కి పంపారు. చెవిలో హోరు కూడా తగ్గలేదు. "టైమ్ పడుతుంది. జ్వరం దిగినంత త్వరగా ఒళ్లు తేరుకోదు" అన్నారు డాక్టరు గారు. అన్నిటికన్నా చేతి వణుకు నన్ను భయపెట్టింది. నా బతుకుతెరువు కొలవడం.

బైకు లేదు, క్యాంపింగ్ లేదు. ఆదివారాలు ఏం చెయ్యాలో తెలియలేదు. కొవ్వూరు దగ్గరే సత్యవతి గారని కుండలు చేసే ఆవిడ, సెలవు రోజుల్లో నలుగురైదుగురికి నేర్పుతున్నారని తెలిసి, అమ్మతో కలిసి వెళ్లాను. మొదటిరోజే అడిగాను, "ఈ మట్టిలో పురుగులుంటాయాండి?"

"జల్లెడ పట్టి, నానబెట్టి, తొక్కి తెచ్చిన మట్టండి. ఇందులో బతికే పురుగుంటే దానికే దణ్ణం పెట్టాలి" అన్నారావిడ.

కుమ్మరి సారె తిరుగుతుంటే మట్టిముద్ద మధ్యలో నిలవాలి. నా చేతి వణుకంతా దాని మీద అచ్చుపడేది. మొదటి గిన్నె అంచు మందం ఒక వైపు పద్నాలుగు మిల్లీమీటర్లు, ఇంకో వైపు ఆరు. వెర్నియర్ పట్టుకెళ్లానని సత్యవతి గారు రోజంతా నవ్వారు. "కొలత తర్వాతండీ. ముందు మోచేతులు తొడల మీద ఆనించి కూర్చోండి." అలాగే కూర్చున్నాను. వారం వారం ఒక గిన్నె. తేడా ఎనిమిది నుంచి ఐదుకి, ఐదు నుంచి మూడున్నరకి వచ్చింది. నాలుగో వారం మళ్లీ ఆరయింది. ఆ వారం నిద్ర సరిగా లేదు. గిన్నెలన్నీ వరసగా కిటికీలో పెట్టాను. నా జబ్బు ఎంత తగ్గిందో ఆసుపత్రి రిపోర్టుల కన్నా అవే బాగా చెబుతాయి. తేడా రెండు మిల్లీమీటర్ల లోపుకి వచ్చిన వారం ఫ్యాక్టరీకి వెళ్లి ఆ ఇత్తడి బుష్‌ని కొలిచాను. మూడుసార్లూ ఒకే కొలత.

ఇప్పుడు బాగున్నాను. ఎడమ చెవిలో సన్నటి హోరు ఇంకా ఉంది. నిశ్శబ్దంగా ఉన్నప్పుడే వినిపిస్తుంది. పోయిన నెల మళ్లీ బావ తోటకి వెళ్లాం. ఈసారి రెండు డిగ్రీల వాలున్న, చదును చేసిన నేల మీదే టెంటు వేశాను. పొడుగు చేతుల చొక్కా, సాక్సుల్లోకి దోపిన ప్యాంటు, ఒంటికి పురుగుల మందు. కూర్చోడానికి మడత కుర్చీ. పిట్టలు పదహారు రకాలు.

బావా నేనూ మా ఇంటికి తిరిగొచ్చి సామాన్ల లిస్టు తీస్తే చివర ఇరవై మూడో నంబరు అమ్మ చేతిరాతలో ఉంది: వేడినీళ్ల స్నానం, ఒళ్లంతా చూసుకోవడం. నేను స్నానాల గదిలో ఉండగా బయట నుంచి అమ్మ కేక వినిపించింది.

"ఒరే, మొలతాడు జరిపి చూసుకున్నావా?"

"చూసుకున్నానమ్మా."

"శీనయ్యా, నువ్వో?"

"నాకు మొలతాడు లేదత్తా!"

"బెల్టుందిగా. దాని కింద చూసుకో."

ఇది చదివే వాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టరు దగ్గరకు వెళ్లేముందు లక్షణాలు రాసుకోండి. కారణం తెలియనివే కాదు, తెలుసనుకున్నవీ రాయండి. చెప్పు కరిచిందనుకున్నదీ, దోమ కుట్టిందనుకున్నదీ, తాడు ఒరుసుకుందనుకున్నదీ. ఏది కొట్టెయ్యాలో ఆయన చూసుకుంటారు. నా నోట్‌బుక్‌లో పదకొండో నంబరు కింద కొంచెం ఖాళీ ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చాక అక్కడ పన్నెండు అని వేసి, నల్ల మచ్చ అని రాసి పెట్టుకున్నాను.