మడత ఇవతల నా జాగా

నా పేరు గంగులమ్మ. డెబ్బై దాటినాయి. బెంగుళూరు పక్క యలహంక పాత ఊళ్ళో కొడుకు, కోడలు, మనవరాలితో ఉండాను. నాకు చదువు రాదు. నేను చెప్తా ఉంటే మనవరాలు రాస్తా ఉండాది. దాని సైన్సు మిస్ పోయిన ఆదివారం చర్చి నుంచి వచ్చి, కూర్చున్న కుర్చీలోనే కన్ను మూసిందంట. ఆమెను గురించి నేను చెప్పేది బడి పత్రికలో వేయాల.

తొమ్మిదో క్లాసులో చేరినాక మనవరాలు నోట్సులో ప్రతి పేజీ ఒక పక్క మడిచి, మడత ఇవతల ఖాళీగా వదిలేది. కాగితం దండగ చేయిస్తారా అని బడికి పోయి కొట్లాడితిని.

"అది మీ జాగానమ్మా," అనింది మిస్. "మీ పిల్ల నా పాఠం వెడల్పు పక్క రాస్తాది. ఇంటికొచ్చి మీకు చదివి చెప్తాది. మీరు అడిగింది సన్న పక్క రాస్తాది."

"నాకేం తెలుసని అడిగేది?"

"తెలీకుంటేనే గదమ్మా అడిగేది."

ఆ పొద్దు నుంచి పొయ్యి మీద రాగిముద్ద కెలుకుతా పాఠాలు వింటా వచ్చినా. పాలు పెరుగయ్యే పాఠం వచ్చింది. "మొట్టమొదటి పెరుగుకు తోడు ఎవరిచ్చిరే?" అంటి.

"పరీక్షలో రాదవ్వా అది."

"రాకుంటే పోనీ, రాయి."

మరుసటి రోజు మిస్ దాంతోనే పాఠం మొదలుపెట్టిందంట. "నాకూ సరిగా తెలీదు, వెతుకుదాం" అనిందంట. టీచరు నోట ఆ మాట పిల్లోళ్ళు ఎన్నడూ వినలేదు. వారం పోయినాక మా ఇంటికే వచ్చింది. "పాలల్లో, గాలిలో కంటికి కనపడనివి ఉంటాయమ్మా. మీలాంటామె ఎవరో పాలు కాచకుండా మరిచిపోయింటాది, అవే తోడుకొనుంటాయి" అనింది.

"నేను మరిచేదాన్ని కాదు," అంటి. నవ్వి, మజ్జిగ తాగి పోయింది.

ఇప్పుడు కొత్త సార్ అచ్చేసిన నోట్సు ఇస్తాడంట. ఈ అంచు నుంచి ఆ అంచుకు అక్షరాలే. మడిచే పని లేదు, వరసగా ఫైల్లో పెట్టుకుంటే చాలన్నాడంట. సార్ మంచోడే. కానీ అప్పా, నేనింక యాడ అడగాల? మిస్ ఇచ్చిన జాగా అది. దాన్ని తీసేయొద్దండి.

సంతకం రాదు గాబట్టి వేలికి ఇంకు పూసుకుంటి. చూస్తే అన్నీ సుడులే. "ఏమే, ఈ గీతలు ఇంకొకరి వేలికి ఎందుకు రావు?" అంటి.

మనవరాలు రాసేది ఆపి, ఈ కాగితాన్నే ఒక పక్క మడిచింది.

గంగులమ్మ వేలిముద్ర, మడత ఇవతల
సాక్షులు: కోడలు సుజాత, పక్కింటి రత్నమ్మ